చేపల హేచరీలో రాత్రి పని ఎందుకు?

"మాస్టారూ, చేపకి సూది పొద్దుగూకే వేళే ఎందుకెయ్యాలండీ? పొద్దున్నేస్తే గుడ్లు పెట్టదా?"

ఈ ప్రశ్న అడిగింది కైకలూరు ప్రాంతంలో ఒక హేచరీలో పనిచేసే యువకుడు. ఎనిమిదేళ్ళుగా తల్లిచేపను తడిగుడ్డలో చుట్టి, ఒళ్ళో ఒడుపుగా పట్టుకుని, సూది వేసేవాడికి అందిస్తున్నాడు. తెల్లవార్లూ తొట్టి దగ్గర కూర్చుని నీటి ధార చూసేదీ, చేపలు కదలాడగానే కేక వేసేదీ, తెల్లారి గుడ్లు ఎత్తేదీ అతనే. ఇన్ని చేసినవాడికి ఎందుకు చేస్తున్నాడో మాత్రం ఎవరూ చెప్పలేదు. యజమానిని అడిగితే "నీకెందుకురా, గట్టిగా పట్టుకో" అన్నాడట.

ఏలూరు, కైకలూరు, ఆకివీడు, భీమవరం - ఈ చుట్టుపక్కల చేపల చెరువుల మీద, హేచరీల మీద వేలమంది కూలీలు బతుకుతున్నారు. వాళ్ళలో చాలామందికి ఈ ప్రశ్న ఏదో ఒక రాత్రి తట్టే ఉంటుంది. జవాబు పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. కాస్త ఓపిగ్గా చెప్పుకుంటే అందరికీ అర్థమయ్యేదే. చెప్పుకోవాల్సిన అవసరం కూడా ఉంది. ఎందుకంటే హేచరీలో గుడ్లు పాడైతే ముందు తిట్లు తినేది కూలి. పిల్ల చచ్చిపోతే మునిగేది కౌలు రైతు.

చేపకు కార్తె ఎలా తెలుస్తుంది?

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు - మన చెరువుల్లో ఎక్కువగా పెరిగేవి ఈ మూడే. తెలంగాణలో శీలావతిని రవ్వ అంటారు. ఇవి మూడూ నది చేపలు. చెరువులో తిని బలుస్తాయి, కడుపులో గుడ్లు కూడా తయారవుతాయి. కానీ నిలవనీటిలో వాటంతట అవి గుడ్లు పెట్టవు. తొలకరి వానలకు నది పొంగి, ఎర్రనీరు పల్లపు పొలాల మీదికి పారినప్పుడు ఎదురెక్కి వెళ్ళి అక్కడ గుడ్లు పెడతాయి. కొత్తనీటికి చేప ఎక్కుతుందని మన పెద్దలకు ఎప్పటినుంచో తెలుసు. రోహిణి ఎండలు ముగిసి మృగశిర, ఆరుద్ర కార్తెలు వచ్చేసరికి చేప నిండు కడుపుతో ఉంటుందనీ తెలుసు.

అయితే చేప దగ్గర పంచాంగం లేదు. మరి దానికి కార్తె ఎలా తెలిసింది?

చేప నెత్తిమీద, పుర్రె పలచబడినచోట, మెదడును అంటుకుని పీనియల్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. అది వెలుగును గుర్తుపడుతుంది. కళ్ళతో నిమిత్తం లేకుండా, పుర్రెలోంచి దిగే వెలుతురే దానికి చాలు. కొన్ని జాతుల చేపల్లో ఆ గ్రంథిని బయటికి తీసి గాజు పళ్ళెంలో పోషకద్రవం పోసి పెట్టినా, దానిమీద వెలుగు పడ్డప్పుడు ఒక రకంగా, చీకటి పడ్డప్పుడు మరో రకంగా పనిచేయడం శాస్త్రజ్ఞులు చూశారు. చీకటి పడితే ఈ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. తెల్లవారితే ఆపేస్తుంది. హార్మోను అంటే ఒంట్లో ఒకచోట పుట్టి, రక్తంలో పడి, ఇంకోచోటికి కబురు మోసే పదార్థం అనుకోండి. రాత్రి ఎంత పొడుగైతే అంతసేపు ఈ కబురు నడుస్తుంది. సంక్రాంతి నాటి రాత్రి పొడుగు, జ్యేష్ఠంలో రాత్రి పొట్టి. రోజురోజుకీ ఈ కబురు పొట్టిదైపోతూ ఉంటే ఎండాకాలం దగ్గరపడిందని చేప ఒంటికి తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. చేప ఒంటికి మనలాగా సొంత వేడి లేదు. నీరెంత వెచ్చగా ఉంటే ఒళ్ళూ అంతే. అందువల్ల మెలటోనిన్ ఎప్పుడు ఊరాలో వెలుగు చెబుతుంది. ఎంత ఊరాలో చాలావరకు నీటి వేడి చెబుతుంది. చల్లని నీటిలో రాత్రి పూట కూడా అది కొంచెమే ఊరుతుంది. వెచ్చని నీటిలో రాత్రికీ పగటికీ తేడా బాగా పెరుగుతుంది. అంటే చేప లోపలి గడియారానికి ముల్లు వెలుగైతే, గంట మోగించేది నీటి వేడి.

ఈ రెంటిలో మన దేశంలో దేనిది పైచేయి అని అడిగితే, నా మటుకు నేను నీటి వేడి వైపు మొగ్గుతాను. లెక్క చూడండి. కొల్లేరు పక్క అతి పొడుగు పగలు 13 గంటల పైచిలుకు, అతి పొట్టి పగలు 11 గంటల పైచిలుకు. తేడా సుమారు రెండు గంటలే. నార్వేలో, బెర్గెన్ పట్నం దగ్గర వేసవి పగలు 19 గంటలు, చలికాలపు పగలు ఆరు గంటలు. అక్కడ చేపకు వెలుగే దిక్కు. ఇక్కడ వెలుగు సూచన మాత్రం ఇస్తుంది. ఎండ, వాన, కొత్తనీరు కలిసి పని పూర్తిచేస్తాయి. అలాగని మన చేపకు వెలుగు పట్టదని కాదు. బెంగాల్‌లో విశ్వభారతి విశ్వవిద్యాలయం పరిశోధకులు బొచ్చె చేపల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. గుడ్లు తయారయ్యే తొలి నెలల్లో పగలు పొడిగించి వెలుగు ఇస్తే అండాశయం త్వరగా ఎదుగుతుందనీ, గుడ్లు పెట్టే కాలం దగ్గర పడ్డాక పగలు కుదించి చీకటి పెంచితే వెనక్కి తగ్గుతుందనీ తేల్చారు.

కడుపులో ఆర్నెల్ల పని

గుడ్లు ఒక్కరోజులో తయారయ్యేవి కావు. మాఘ ఫాల్గుణాల్లో నీరు వెచ్చబడటం మొదలైనప్పుడే పని మొదలవుతుంది. మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగం ఉంది. వెలుగు కబురూ, వేడి కబురూ, కడుపు నిండిందా లేదా అన్న కబురూ అన్నీ అక్కడికే చేరతాయి. అది కింద వేలాడే పీయూష గ్రంథికి ఆజ్ఞ పంపుతుంది. పీయూష గ్రంథి అండాశయాన్ని లేపుతుంది. అండాశయం ఈస్ట్రాడయోల్ అనే హార్మోనును వదిలితే, దాన్ని అందుకుని కాలేయం పచ్చసొన సరుకును తయారుచేసి రక్తం ద్వారా అండాశయానికి తోలుతుంది. ఇదంతా చేప తిన్న తవుడు, చెక్కలోంచే రావాలి. తల్లిచేపల చెరువుకు ఎండాకాలంలో మేత తగ్గించి, సూది మందు మీద భారం వేసే యజమానులున్నారు. పిండి లేనిదే రొట్టె ఎక్కడినుంచి వస్తుంది?

వైశాఖ జ్యేష్ఠాలకు గుడ్లు పూర్తిగా నిండుతాయి. ఇక మిగిలింది ఆఖరి మెట్టు. పీయూష గ్రంథి ఒక్క పెట్టున ఎల్‌హెచ్ అనే హార్మోనును వరదలా వదలాలి. అప్పుడే గుడ్డు పండి, పొరలోంచి విడివడి, బయటికి వస్తుంది. నదిలో అయితే వరద నీరు, వాన, ప్రవాహం ఆ పని చేయిస్తాయి. చెరువులో ఆ సంకేతం లేదు. పైగా డోపమిన్ అనే మరో రసాయనం పీయూష గ్రంథికి బ్రేకు వేసి పట్టుకుంటుంది. చేప నిండు చూలాలై కూడా అక్కడే ఆగిపోతుంది. వానలు గడిచాక నిండిన గుడ్లు లోపలే కరిగిపోతాయి. ఎండలు మరీ ముదిరి నీరు కాగిపోయినా అంతే.

ఈ బ్రేకు తీయడమే హేచరీ సూది చేసే పని.

1957కు ముందు దేశంలో పిల్ల కావాలంటే చాలావరకు నదీ వరదల్లో సన్నవలలు కట్టి పట్టవలసి వచ్చేది. దానిలో బొచ్చె పిల్ల ఎంతో, పిల్లల్ని తినే జెల్ల జాతి పిల్ల ఎంతో పట్టినవాడికే తెలియదు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి చేప తలలోని పీయూష గ్రంథిని నూరి, ఆ రసం ఎక్కించి మన చేపజాతుల చేత చెరువు నీటిలోనే గుడ్లు పెట్టించాడు. పీయూష గ్రంథితో గుడ్లు పెట్టించడం అంతకుముందే 1930లలో దక్షిణ అమెరికాలో జరిగింది. మన దేశపు పెంపకం చేపలకు దారి చూపింది మాత్రం అంగుల్ ప్రయోగమే. ఇప్పుడు జూలై 10ని దేశమంతా చేపల రైతుల దినంగా జరుపుతారు. ఆ గ్రంథి ఆవగింజంత ఉంటుంది. మార్కెట్లో చేపలు కోసే ఆడవాళ్ళు, మగవాళ్ళు తలకాయలు పగలగొట్టి ఒక్కొక్కటే ఏరి, సారాయి లాంటి ఆల్కహాలు సీసాలో వేసి ఇస్తేనే దశాబ్దాల పాటు దేశంలో హేచరీలు నడిచాయి. వాళ్ళకు ఏ దినమూ లేదు.

తర్వాత కెనడాలో పనిచేసిన రిచర్డ్ పీటర్, చైనాకు చెందిన లిన్ హావోరాన్ కలిసి ఇంకో దారి కనిపెట్టారు. మెదడు పంపే ఆజ్ఞ లాంటి హార్మోనును కృత్రిమంగా చేసి, దానితోపాటు డోపమిన్ బ్రేకును విడిపించే మందును కలిపారు. 1980ల చివరి నుంచి మన హేచరీలకు వచ్చిన ఓవాప్రిమ్ అదే. గ్రంథి రసమైతే తల్లిచేపకు రెండు సూదులు వేయాలి: మొదటిది కొద్దిగా, ఆరు గంటల తర్వాత రెండోది గట్టిగా. ఓవాప్రిమ్ అయితే ఒకే సూది. కిలో బరువుకు అర మిల్లీలీటరు లోపే.

ఇప్పుడు ఆ యువకుడి ప్రశ్నకు వద్దాం

సూది పడ్డాక గుడ్లు రావడానికి గంటల లెక్క ఉంది. 28 డిగ్రీల నీటిలో ఓవాప్రిమ్ సూది వేస్తే 8 నుంచి 12 గంటల్లో గుడ్లు పడతాయి. గ్రంథి రసమైతే రెండో సూది తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు. నీరు చల్లబడితే ఈ గంటలు సాగుతాయి. వేడెక్కితే కుదించుకుపోతాయి. సాయంత్రం ఆరింటికి సూది పడితే తెల్లవారుజామున గుడ్లు పడేది అందుకే.

మరి పొద్దున్నే సూది వేస్తే? చేప గుడ్లు పెడుతుంది. సాయంత్రానికి పెడుతుంది. సూది ముందు గడియారం పెద్దగా అడ్డుపడదు. ఇందులో దాపరికం అక్కర్లేదు. అయితే పొద్దున్నే సూది వేస్తే చేపలు మిట్టమధ్యాహ్నపు ఎండలో, తొట్టిలోని కొద్దిపాటి నీటిలో ఆ గంటలన్నీ గడపాలి. మే నెలలో సిమెంటు తొట్టిలో నీరు ఎంత కాగుతుందో మీకే తెలుసు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. మగ చేప, ఆడ చేప ఒకదాన్నొకటి తరుముకునే వేళ ఆక్సిజన్ ఎక్కువ కావాలి. పైగా మన కార్పు జాతులకు గుడ్లు పెట్టడానికి, గుడ్డు సరిగా ఎదగడానికి 26 నుంచి 31 డిగ్రీల మధ్య నీరే మంచిది. కాబట్టి సాయంత్రం సూది, తెల్లవారి గుడ్లు అనే పద్ధతికి బలమైన కారణమే ఉంది. యజమాని మొండితనం కాదది.

కానీ చేపకు చల్లదనం కావాలన్నది ఎంత నిజమో, ఆ చల్లదనం కోసం రాత్రంతా మేలుకునేవాడు మనిషి అన్నది కూడా అంతే నిజం. సాయంత్రం నాలుగింటికి వలవేసి తల్లిచేపల్ని పట్టడంతో మొదలైన పని, తెల్లారి గుడ్లను పొదిగే తొట్టిలోకి మార్చేదాకా సాగుతుంది. అక్కడితో ఆగదు. 26-31 డిగ్రీల నీటిలో గుడ్డు పగలడానికి 14 నుంచి 18 గంటలు. పగిలాక పిల్ల తన పచ్చసొన తిని తేరుకోవడానికి మరో మూడు రోజులు. ఈ గుడ్లు వేటికీ అంటుకోవు, నీటిలో తేలియాడుతూ తిరుగుతుండాలి. చైనా పద్ధతిలో కట్టిన గుండ్రటి తొట్టిలో నీరు నదిలా సుడి తిరుగుతూనే ఉండాలి. ధార తగ్గితే గుడ్లు అడుగుకు చేరి ఊపిరాడక కుళ్ళిపోతాయి. కరెంటు పోయిన క్షణంలో లేచి జనరేటర్ దగ్గరికి పరుగెత్తేది ఎవరు? హేచరీ కూలీ లెక్కల్లో ఇదంతా "ఒక రోజు పని"గానే రాస్తున్నారు చాలాచోట్ల. చేపకు గంటల లెక్క ఉంది, మందుకు మిల్లీలీటర్ల లెక్క ఉంది. రాత్రికి మాత్రం లెక్క లేదు.

బెదిరిన చేప గుడ్లు పెట్టదు

ఇంకో హార్మోను సంగతి కూడా చెప్పుకోవాలి. దాని పేరు కార్టిసాల్. చేపను తరిమినా, వలలో కుక్కినా, గాలిలో ఎక్కువసేపు ఉంచినా, ఆక్సిజన్ పడిపోయినా అది రక్తంలో ఒక్కసారిగా పెరుగుతుంది. కొద్దిసేపు అయితే ఫరవాలేదు. ప్రాణం కాపాడుకోవడానికి ఒంట్లో ఉన్న ఏర్పాటే అది. పదేపదే పెరిగితే గుడ్లను పండించే హార్మోన్లను అణచివేస్తుంది. చేప మేత మానేస్తుంది, రోగాలకు లొంగుతుంది.

ఒక హేచరీలో జరిగిందిది. పేరు అక్కర్లేదు. మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు తల్లిచేపల్ని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు మార్చమన్నారు. సాయంత్రం దాకా ఆగుదామని కూలీలు అన్నారు. వినలేదు. లారీ బేరం కుదిరింది, బ్యాచి ఆలస్యమవుతుందన్నారు. ఎండలో వల లాగి, చేపల్ని డబ్బాల్లో మోశారు. ఆ రాత్రి సూది వేసిన వాటిలో సగం గుడ్లు పెట్టలేదు. పెట్టినవి కూడా తెల్లగా పాలిపోయి చచ్చుగుడ్లయ్యాయి. "మొరటుగా పట్టారు" అని ఇద్దరు కూలీలకు రెండ్రోజుల కూలి కోశారు. చేప చేతిలో నలిగింది నిజమే కావచ్చు. కానీ మిట్టమధ్యాహ్నం వల వేయించింది ఎవరు? ఆ కూలీలు ఆగుదామన్నప్పుడు వాళ్ళకు కార్టిసాల్ అన్న మాట తెలియదు. అనుభవం వాళ్ళ నోట పలికింది. శాస్త్రం కూడా వాళ్ళ పక్షమే మాట్లాడుతుందని తెలిసి ఉంటే, ఆ కోత రోజున ఇంకొంచెం గట్టిగా నిలబడేవారు.

మేత పడవ మీద పనిచేసేవాళ్ళకు ఇంకో సంగతి అనుభవమే. రోజూ ఒకే వేళకు మేత సంచులు కడుతుంటే, పడవ రాకముందే కర్రల దగ్గర చేపలు మూగుతాయి. చేప ఒంట్లో వెలుగు గడియారంతోపాటు మేత గడియారం కూడా ఉంది. మేత వేళ దగ్గరపడేసరికి అరుగుదల రసాలు, హార్మోన్లు సిద్ధమవుతాయని బంగారు చేప లాంటి జాతుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఇవాళ ఆరింటికి, రేపు పదింటికి, ఎల్లుండి మధ్యాహ్నం అంటూ మేత వేస్తే ఆ ఏర్పాటు చెడుతుంది. మేత వృథా అయితే నీరు చెడుతుంది. ఆ తర్వాత నీరు చెడిందని మళ్ళీ కూలివాడినే అంటారు.

లైటు వేసి చేపను మోసం చేయడం

చేప గడియారం తెలిశాక దాన్ని ముందుకూ వెనక్కీ తిప్పడం పెట్టుబడిదారులకు పెద్ద పని కాలేదు. నార్వే సముద్రంలో సాల్మన్ చేపల్ని పెద్ద పెద్ద వలగూళ్ళలో పెంచుతారు. చలికాలం రాత్రులు ఆ గూళ్ళలోకి దీపాలు దించి నిరంతరం వెలుగు ఇస్తారు. చేప తొందరగా గుడ్డు ఈడుకు రాకుండా, తిన్నదంతా మాంసమయ్యేలా చూడటం అందులో ఎత్తుగడ. మంచినీటి తొట్టెల్లో ఉన్న సాల్మన్ పిల్లలకు కొన్ని వారాలు పగలు కుదించి, తర్వాత రాత్రింబవళ్ళు వెలుగు ఇస్తే, ఉప్పునీటికి తట్టుకునే మార్పులు వాటి ఒంట్లో అనుకున్న వేళకు వస్తాయి. చేపకు లేని చలికాలాన్ని చూపించి, తర్వాత లేని వేసవిని చూపిస్తారన్నమాట. మన కాశ్మీర్‌లో, హిమాచల్‌లో పెంచే ట్రౌట్‌ది మళ్ళీ తలకిందుల లెక్క. పగళ్ళు కుదించుకుపోయి నీళ్ళు చల్లబడితేనే అది గుడ్లకు వస్తుంది. బొచ్చెకు పెరిగే పగలు మేలుకొలుపైతే, దానికి తరిగే పగలు మేలుకొలుపు.

మన దేశంలోనూ ఈ ప్రయత్నాలు జరిగాయి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు శీలావతి చేపల్ని తొట్టెల్లో పెట్టి, వెలుగు గంటలు పెంచి, నీరు వెచ్చజేసి, కాలం కాని కాలంలో గుడ్లకు తెచ్చే పద్ధతులు పరీక్షించారు. ఇది మంచి శాస్త్రమే. పిల్ల ముందుగా దొరికితే ముందుగా చెరువులో వేయొచ్చు, చలికాలం వచ్చేలోగా చేప ఎదుగుతుంది.

కాలం కూడా తనంతట తాను మారుతోంది. బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు చేపల పరిశోధనా సంస్థ బెంగాల్ హేచరీలను పరిశీలించింది. 1980ల తొలి సంవత్సరాల వరకు కార్పు చేపలు గుడ్లు పెట్టే కాలం ఏడాదికి 110 నుంచి 120 రోజులుంటే, 2000-2005 నాటికి 160 నుంచి 170 రోజులకు సాగిందని తేల్చింది. నీరు ముందే వేడెక్కి, మార్చి నెలలోనే చేపలు సిద్ధమవుతున్నాయి. హేచరీ యజమానికి ఇది లాభమే. సీజను నెలన్నర పెరిగింది. కూలీకి నెలన్నర రాత్రిపని పెరిగింది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ సాగిన సీజనులో ఒకే తల్లిచేపకు ఏడాదిలో రెండు మూడుసార్లు సూది వేసి గుడ్లు పిండుతున్నారు. మధ్యలో సరైన మేత, సరైన నీరు, తగినన్ని వారాల విశ్రాంతి ఇస్తే చేప తట్టుకుంటుంది. ఇవ్వకపోతే రెండోసారి గుడ్డు చిన్నది, సొన తక్కువ, పిల్ల నీరసం. గుడ్డు పండకముందే తొందరపడి సూది వేసినా ఇదే ఫలితం. సూది బ్రేకు తీయగలదు కానీ లేని సొనను తేలేదు. అలాంటి స్పాను లక్షల లెక్కన కొనుక్కెళ్ళిన చిన్న నర్సరీవాడికి వారం తర్వాత చెరువులో పిల్ల కనిపించదు. "నీ నీరు మంచిది కాదు" అని హేచరీవాడు చేతులు దులుపుకుంటాడు. రసీదు మీద తల్లిచేప వయసు, అది ఎన్నోసారి గుడ్లు పెట్టిందీ, నీటి వేడీ రాసి ఇవ్వమని కొనేవాళ్ళందరూ కలిసి అడిగితే తప్ప ఈ తంతు ఆగదు.

ఇదే సంగతి తెలంగాణ మత్స్యకార సంఘాలకు మరో వైపు నుంచి తగులుతుంది. 2016లో అక్కడి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వేసే పథకం ప్రారంభించింది. పథకం మంచిదే. కానీ పిల్ల ఎప్పుడు చెరువులో పడిందన్నది పిల్ల ఎంత పడిందన్నంత ముఖ్యం. జూలై ఆగస్టుల్లో వేస్తే మూడు నాలుగు నెలల వెచ్చని నీరు దొరుకుతుంది. టెండర్లు, బిల్లులు అంటూ అక్టోబరు దాటితే పిల్ల నిలదొక్కుకునేలోగా చలి పట్టుకుంటుంది. నీరు 20 డిగ్రీల దాపుకు దిగితే చేప మేత తగ్గిస్తుంది, ఎదుగుదల హార్మోన్ల జోరు తగ్గుతుంది, పుండ్ల రోగం లేచేదీ అప్పుడే. ముదిరాజ్, గంగపుత్ర సంఘాల వాళ్ళు తారీఖు గురించి పేచీ పెడుతున్నారంటే ఊరికే కాదు. ఫైలు ఆగినంతకాలం మృగశిర కార్తె ఆగదు కదా.

ఈ మాటలన్నీ ఆ యువకుడికి ఒక రాత్రి హేచరీ గట్టు మీద కూర్చుని చెప్పాను. ఒక థర్మామీటరు, ఒక రూళ్ళ నోట్‌బుక్ కొనుక్కోమన్నాను. కొన్నాడు. ప్రతి బ్యాచికీ సూది వేసిన టైము, నీటి వేడి, గుడ్లు పడిన టైము, కరెంటు పోయిన గంటలు రాస్తున్నాడు. చివరి గడిలో తను పనికి దిగిన టైము, ఇంటికెళ్ళిన టైము కూడా రాస్తున్నాడు. అది నేను చెప్పలేదు.

రెండు నెలల తర్వాత ఆ పుస్తకం చూశాను. వాన పడి నీరు చల్లబడిన రాత్రుల్లో గుడ్లు ఆలస్యమవడం గడిగడిలో కనిపిస్తోంది. ఆ రాత్రుల్లో ఎక్కువ గంటలు కాపలా కాసినట్టు పక్క గడిలో కనిపిస్తోంది. అదే హేచరీలో పనిచేసే మరో ముగ్గురు ఆ పుస్తకం పట్టుకెళ్ళి రాత్రి బత్తా అడిగారు. యజమాని పుస్తకం తిరగేసి, నీటి వేడి గళ్ళు బాగున్నాయి, అవి నాకు కాపీ చేసివ్వు అన్నాడట. బత్తా సంగతి తర్వాత చూద్దామన్నాడట. కాపీ ఇంకా ఇవ్వలేదు.